క్షమాపణ కూడిక పెట్టే ముందు బీగాలు ఎవరి దగ్గరున్నాయో చూడు

నాయనా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు తిరుపతి కుర్రాడివి, డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నావు. నువ్వు వెళ్ళే చర్చిలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ సమాధానపడటం గురించి ఆరు వారాలు క్లాసులు పెట్టారు. ఆఖరి రోజు ఒకరి కాళ్ళు ఒకరు కడిగి, క్షమాపణ అడిగి, ఏడ్చారు. నీకూ కన్నీళ్ళు వచ్చాయి. సెలవులకు ఇంటికొచ్చి, మన సంఘంలో కులం గురించి అలాంటి కూడిక ఒకటి పెడదామని పాస్టరుగారిని అడిగితే, "మన దగ్గర అలాంటివేం లేవు బాబూ, క్రీస్తులోకి వచ్చాక ఇంక కులమెక్కడిది" అన్నారు. ఆయన మాట నిజమేనా, బైబిలు ఏమంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. మీరూ మా కులంవాళ్ళేనని, ఇంట్లో నీకు సంబంధాలు చూస్తున్నారని ఆఖర్న ఒక ముక్క రాసి వదిలేశావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను చిత్తూరు దగ్గర పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరైన వాణ్ణి. ఇరవై రెండేళ్ళు మా సంఘానికి సెక్రటరీగా ఉన్నాను. నువ్వు పెట్టాలనుకుంటున్న కూడిక నేను 1998లో పెట్టాను. చాలా బాగా జరిగింది. దానివల్ల ఏమీ మారలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా సంఘంలో రెండు వాడలవాళ్ళు ఉన్నారు. మాది మాలపల్లె. వంకకు అవతల అరుంధతివాడ, అంటే మాదిగల వాడ. గుడి మా వైపు ఉంది. ఒకే పాస్టరు, ఒకే పాటల పుస్తకం, రొట్టె ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల కూడా ఒకటే. క్రిస్మస్ పూట గుడి దగ్గరే వంట. మా ఆడవాళ్ళు వండేవాళ్ళు, మేం వరుసల్లో కూర్చుని తినేవాళ్ళం. అరుంధతివాడ వాళ్ళు మాత్రం క్యారియర్లలో పెట్టించుకుని ఇళ్ళకు పట్టుకుపోయేవాళ్ళు. పొమ్మని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. "వాళ్ళకు ఇంటికాడ తినేదే ఇష్టం రా" అని మా అమ్మ చెప్పేది, నేను నమ్మేవాణ్ణి. ఊళ్ళో పెద్దోళ్ళ ఇంటి ముందు మా నాయన దోసిలి పట్టి నీళ్ళు తాగిన సంగతి మాత్రం అదే అమ్మ వందసార్లు చెప్పింది, ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ ఏడాది ఏవో సభల్లో ప్రసంగం విని నేను ఊగిపోయాను. ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో ఒక రాత్రి ప్రత్యేక కూడిక పెట్టించాను. మైకు పట్టుకుని మా వాడ తరఫున క్షమాపణ అడిగాను. కౌగిలించుకున్నాం, అందరం ఏడ్చాం. నెల రోజులు పల్లెలో అదే మాట.

జూన్‌లో అరుంధతివాడలో ఒక పెద్దాయన పోయాడు. సమాధుల దొడ్డి గేటు బీగాలు, అంటే తాళంచెవులు, మా సంఘ పెద్ద ఒకాయన ఇంట్లో ఉండేవి. వాళ్ళు వచ్చి అడిగారు. "లోపల చోటు తక్కువుంది, ఎప్పట్లాగే గట్టు పక్కన పెట్టుకోండి" అన్నాడాయన. ఎప్పట్లాగే ప్రహరీ బయట పెట్టుకున్నారు. నేనక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. మూడో రోజు ప్రార్థనకు వెళ్తే, పోయిన పెద్దాయన భార్య నాతో ఒకే మాట అంది: "అయివోరా, ఆ పొద్దు మైకులో బాగా ఏడిస్తిరి. బీగాలు మాత్రం ఇయ్యలేదు గదా."

నాకు తెలిసిన వేదాంతంలో ముప్పాతిక వంతు ఆ ముసలమ్మ చెప్పిందే.

ఆ తర్వాత బైబిలు మళ్ళీ తీసి చూస్తే, అంతకుముందు వందసార్లు చదివిన భాగాలే వేరేగా కనబడ్డాయి. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం చూడు. యెరూషలేములో సంఘం కొత్తగా పెరుగుతోంది. రోజువారీ అన్నం పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. మనమైతే ఏం చేస్తాం? "సణగడం పాపం" అని ఆదివారం ప్రసంగం చేస్తాం. లేకపోతే చెరి సగం కమిటీ వేస్తాం. అపొస్తలులు ఏడుగుర్ని ఏర్పరచమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే పంపకం మొత్తం, ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళవైపు వాళ్ళ చేతికే ఇచ్చేశారు, తమ విధవరాండ్ర కూడుతో సహా. అక్కడ కౌగిలింతలు రాయలేదు, ఏడుపులు రాయలేదు. బీగాలు చేతులు మారాయి, అంతే.

మీ పాస్టరుగారు చెప్పింది గలతీయులకు పౌలు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో ఉన్న మాటే. యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు. మంచిదే. కానీ ఆ మాటకు ఒక్క అధ్యాయం ముందే, అదే పత్రికలో పౌలు ఒక గొడవ రాశాడు. అంతియొకయలో కేఫా, అంటే పేతురు, యూదులు కాని అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే జంకి పక్కకు జరిగాడు. సిద్ధాంతం ఏమీ మార్చుకోలేదు, ప్రసంగం మార్చలేదు, కంచం పక్కకు జరిపాడంతే. పౌలు దాన్ని లోపల గదిలో కూర్చుని సర్దలేదు, అందరి ఎదుటా నిలదీశాడు. మన కథ కూడా ఇదే కాదా? మామూలు రోజుల్లో బాగానే ఉంటాం. టౌన్ నుంచి చుట్టాలు వస్తున్నారంటే చాలు, పక్కింటి అరుంధతివాడ పిల్లాణ్ణి వంటింట్లోంచి మెల్లగా బయటికి పంపుతాం. కాబట్టి "కులం పేరెత్తితేనే కులం వస్తుంది" అనేవాళ్ళకు నా జవాబు ఇది: పేరెత్తింది పౌలు, పేరెత్తింది అపొస్తలుల కార్యాలు రాసిన లూకా. ఎత్తకపోతే పోయేదైతే మన సంఘాల్లో ఎప్పుడో పోయుండాలి.

ఇక అమెరికా సంగతి. నువ్వు కూర్చున్న ఆ క్లాసు వెనక రెండొందల ఏళ్ళ చరిత్ర ఉంది, వాళ్ళు చెప్పే ఉంటారు. ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో నల్లవాళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగానే, ఇక్కడ కాదు అటు పొండి అని లేపారు. ఆ నల్లవాళ్ళలో పెద్దలైన రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్, వాళ్ళతో ఉన్నవాళ్ళంతా లేచి బయటికి నడిచారు. అలెన్ 1794లో బెతెల్ అని వేరే గుడి తెరిచాడు, 1816కల్లా అది సొంత సంఘంగా నిలబడింది. నల్లవాళ్ళకు వేరే చర్చిలెందుకు, ఐక్యత చెడగొట్టడం కాదా అని అక్కడ అడిగేవాళ్ళుంటే ఈ కథ చెప్పు. మన అరుంధతివాడల్లో వేరే మందిరం కడితే "చీలిక తెచ్చారు" అనేవాళ్ళకూ ఇదే చెప్పు. విడిపోయినవాణ్ణి తప్పుపట్టే ముందు లేపినవాడెవడో అడగాలి.

అమెరికా దక్షిణాదిలోని సదరన్ బాప్టిస్టులు 1845లో విడిగా ఏర్పడింది, బానిసల్ని ఉంచుకున్నవాళ్ళు మిషనరీలుగా పోవచ్చా అన్న గొడవ మీదే. దానికి వాళ్ళు తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది 1995లో. నూట యాభై ఏళ్ళు. అయినా ఆదివారం పొద్దున పదకొండు గంటల వేళే ఆ దేశంలో జనం రంగును బట్టి అందరికంటే ఎక్కువగా విడిపోయి కూర్చునే సమయమని నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ 1960ల్లో అన్నమాట ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటున్నారంటే, తీర్మానానికి ఎంత బలం ఉందో ఆలోచించు. తీర్మానం వద్దని కాదు. అది మొదటి మెట్టు, దాన్నే మేడ అనుకోకూడదు.

కింగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. ఆయన 1959లో మన దేశం వచ్చాడు. కేరళలో ఒక బడికి తీసుకెళ్ళారు. చదువుకునే పిల్లల్లో చాలామంది అంటరానివాళ్ళుగా చూడబడ్డ ఇళ్ళవాళ్ళు. హెడ్మాస్టరు ఆయన్ని పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరానివాడే అన్నాడట. కింగ్‌కు మొదట మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచించి, అవును, నేను అంటరానివాణ్ణే, మా దేశంలో నల్లవాళ్ళంతా అంటరానివాళ్ళే అని ఒప్పుకున్నానని 1965లో తన సంఘంలో తనే చెప్పాడు. నీకు ఇది ఎందుకు చెప్తున్నానంటే, డాలస్‌లో నిన్ను ఎవరైనా రంగును బట్టి ఒక మాట అంటే మన వాట్సాప్ గ్రూపులన్నీ భగ్గుమంటాయి. జాతివివక్ష అంటే మనకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే అందులో దెబ్బ తినేది మనం. కులం దగ్గర మాత్రం మనలో చాలామందిమి ఒక చేత్తో దెబ్బ కాచుకుంటూ ఇంకో చేత్తో కొడుతుంటాం. మా అమ్మలాగా.

తెల్లవాళ్ళ విషయం మన తెలుగు సంఘాలకూ కొత్తకాదు. వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్ కాకముందు, 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీల మొహం మీదే చెప్పాడు: మీరు బీదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలిచ్చారు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితుల్నివ్వండి అని. దొర బంగళాలో మనవాడికి కుర్చీ వెయ్యని రోజులవి. ఆ మాటకు సభలో చాలామంది నొచ్చుకున్నారు. దొరలు మనల్ని కూర్చోబెట్టలేదని మనం నూరేళ్ళుగా చెప్పుకుంటున్నాం, సబబే. మనం ఎవర్ని కూర్చోబెట్టలేదో అడిగే అజరయ్య మన వాడల్లో రాలేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దక్షిణాఫ్రికా కథ. అది మన చిత్తూరును తాకుతుంది కూడా. అక్కడి డచ్ రిఫార్మ్డ్ సంఘం 1857లో ఒక తీర్మానం చేసింది. అందరూ కలిసి ఆరాధించడమే లేఖనం ప్రకారం సరైనదే, కానీ కొందరి బలహీనత వల్ల అది అడ్డమవుతున్న చోట, తెల్లవాళ్ళు కానివాళ్ళకు విడిగా ఆరాధన జరపవచ్చు అని. "కొందరి బలహీనత" అన్న ఆ మాట చూడు. ఎంత మర్యాదగా ఉందో! ద్వేషం లేదు, తిట్టు లేదు. 1881కి విడి సంఘమే పెట్టేశారు. 1948లో, జాతుల్ని చట్టంతో విడగొట్టే అపార్థైడ్ పేరుతో ప్రభుత్వం వచ్చేటప్పటికి, దారి ప్రభువు బల్ల దగ్గరే వేసి ఉంది. "వాళ్ళకు ఇంటికాడ తినేదే ఇష్టం రా" అన్న మా అమ్మ మాట, ఆ డచ్ సంఘ సభ మాట నాకు ఒకే గొంతులో వినబడతాయి.

అలా విడగొట్టబడ్డ సంఘమే 1982లో బెల్హార్ అనే చోట కూర్చుని ఒక విశ్వాస ఒప్పుకోలు రాసుకుంది, 1986లో ఆమోదించింది. ఐక్యత, సమాధానం, న్యాయం, మూడూ ఒకే ముడిలో. న్యాయం లేకుండా సమాధానం ఉండదని బయటికి తోయబడ్డవాళ్ళే రాశారు, తోసినవాళ్ళు కాదు. ఇప్పుడు చిత్తూరు సంగతి విను. 1850ల్లో మొదలై చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు పనిచేసిన ఆర్కాటు మిషన్, స్కడర్ కుటుంబానిది. మనం జబ్బుచేస్తే పరిగెత్తే రాయవెల్లూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ ఆ ఇంటి ఆడపడుచే. వాళ్ళను పంపింది అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి, అదీ ఆ డచ్చి వేరు నుంచి వచ్చిందే. ఆ సంఘం బెల్హార్ ఒప్పుకోలును 2010లో తనదిగా స్వీకరించింది. మనకు సువార్త తెచ్చిన ఇల్లు ఆ పాఠం నేర్చుకుంది. మన దాకా రాలేదు. నాకు తెలిసి మన వైపు ఒక్క యువజన కూటంలో కూడా దాని పేరు ఎత్తగా వినలేదు.

పాతవాళ్ళకు ఈ సంగతి తెలీదని కాదు. 1850లో మద్రాసులో మిషనరీలు కూడి, కులం వదలనివాడికి బాప్తిస్మం ఇవ్వకూడదని, ఎవరు వండినా తినడమే దానికి పరీక్ష అని తీర్మానించారు. నీళ్ళలో ముంచే ముందు కంచం చూడమన్నారు. నీళ్ళు నిలిచాయి, కంచం పోయింది.

ఇంతకీ మీ పాస్టరుగారు "లేవు" అనడం వెనక ఇంకో కారణం ఉంది, నీకది ఇక్కడ ఎవరూ బయటికి చెప్పరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు వెనకబడిన కులాల్లో సీ గ్రూపు (బీసీ-సీ) కింద వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. కాబట్టి ఎంతోమంది ఇళ్ళలో సర్టిఫికెట్ ఒకటి చెప్తుంది, బాప్తిస్మం రిజిస్టరు ఇంకోటి చెప్తుంది. పిల్లాడి సీటు, పెద్దాడి ఉద్యోగం దాని మీద ఉన్నాయి. కులం మాట సంఘంలో వస్తే ఎవరికి టెన్షన్ రాదు చెప్పు? పైగా తిరుపతి. పుణ్యక్షేత్రంలో గుప్పెడుమంది ఉన్న మనం గొడవలు పడితే బయటివాళ్ళ ముందు పలచనవుతామని పెద్దల భయం. ఆ భయాన్ని ఎగతాళి చెయ్యకు. అది అబద్ధం కాదు. కానీ దానికి భయపడి తప్పు దాచుకుంటే, ఆ దాపరికం భారం మళ్ళీ కిందున్నవాడి మీదే పడుతుంది.

అందుకని, నువ్వేం చేసినా ఎవరి కులమూ కాగితం మీద రాయించకు. సాక్ష్యాలు ఫోనులో తియ్యకు, యూట్యూబు లైవ్ అసలే వద్దు. అవమానపడ్డవాళ్ళను స్టేజీ ఎక్కించి "మీ బాధ చెప్పండి" అని అడగొద్దు. అమెరికా క్లాసుల్లో అది నడవచ్చు, మన పల్లెలో రేపు పొద్దున ఆ మనిషి అదే వీధిలో నడవాలి. మత్తయి ఐదులో బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి వెళ్ళమన్నది ఎవర్ని? దెబ్బ తిన్నవాణ్ణి కాదు, ఎవడి మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందో వాణ్ణి. నడిచి వెళ్ళాల్సింది మనమే. అన్యాయంగా పన్నులు గుంజిన జక్కయ్యను కూడా చూడు. నాలుగంతలు తిరిగిస్తానని లెక్క చెప్పాకే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు ప్రభువు.

మా ఊళ్ళో తర్వాత ఏం జరిగిందో చెప్తాను, గొప్ప విజయం అనుకోకు. ఆ ముసలమ్మ మాట విన్నాక రెండేళ్ళు కమిటీలో కొట్లాడితే 2000లో నాలుగు పనులు అయ్యాయి. సమాధుల దొడ్డి బీగాలు అరుంధతివాడకు పోయాయి. ప్రహరీని గట్టు దాకా పొడిగించి, బయటున్న పాత సమాధుల్ని లోపలికి తెచ్చాం. చందా పుస్తకం వాళ్ళ వాడ అబ్బాయి చేతికిచ్చాం. క్రిస్మస్ వంట ఒక ఏడు మేం, ఒక ఏడు వాళ్ళు. మొదటిసారి వాళ్ళు వండిన ఏడాది, సంగటి, నాటుకోడి పులుసు. మా వాడలో సగం మందికి ఆ రోజే కడుపునొప్పి వచ్చింది. మా అమ్మకూ వచ్చింది. నాలుగు కుటుంబాలు బైపాస్ పక్కన వేరే సంఘానికి వెళ్ళిపోయాయి, ఇప్పటికీ రాలేదు. చందా పుస్తకం పట్టిన అబ్బాయి రెండో ఏడు ఒక లెక్క తప్పు రాస్తే, "చూసినావా, అందుకే" అన్నారు. మావాళ్ళు పాతికేళ్ళు రాసిన తప్పులు ఎవరూ లెక్కపెట్టలేదు. మా అమ్మ ఆరో ఏడాదో ఏడో ఏడాదో వచ్చి వరుసలో కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు, తిని లేచింది. మాలో చెప్పుకోదగ్గ సమాధానం ఏదైనా ఉంటే అదే, దానికి ఏ కూడికా పెట్టలేదు.

మీది టౌన్ సంఘం కాబట్టి కంచం గొడవ కనబడదు. హోటల్లో అందరం ఒకే చట్నీ తింటాం. మీ దగ్గర చూడాల్సినవి వేరే. కమిటీ ఎన్నికల ముందు రాత్రి ఎవరెవరు ఎవరింట్లో కలుస్తున్నారు? కొత్తగా మారుమనస్సు పొందిన పెద్దకులం కుటుంబం వస్తే మొదటి వరుసలో కుర్చీ ఎలా ఖాళీ అవుతుంది? యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి వేసిన కుర్చీ అదే. గుడి ఊడ్చే ఆవిడ ఏ వాడ నుంచి వస్తుంది, ఆవిడ కూతురు క్వయర్‌లో ఉందా? ఇవి పాస్టరుగారిని నిలదీయడానికి కాదు. ఆయన జీతం ఆ కమిటీ చేతిలోనే ఉంది, ఆయన ఒక్కణ్ణే ముందుకు తోసి నువ్వు విమానం ఎక్కేస్తే అది ధైర్యం కాదు. ఇద్దరు ముగ్గురు పెద్దల్ని ముందు మాట్లాడి పెట్టుకో. గ్రీకు విధవరాండ్ర అధ్యాయం ఒక్కటే వాళ్ళతో కలిసి చదువు, ఏడు పేర్లూ పైకి చదవమను, మన సంఘంలో ఆ పంపకం పుస్తకం ఎవరి దగ్గరుందో వాళ్ళనే చెప్పమను. కాళ్ళు కడిగే కూడిక ఆ తర్వాత, అవతలివాళ్ళు అడిగితే పెట్టండి. వాళ్ళు అడక్కపోతే వద్దు.

ఇక నీ సంబంధాల మాట. పెళ్ళిళ్ళ పేరయ్యలు మన వాళ్ళకూ ఉన్నారు, వాళ్ళ పుస్తకాల్లో విశ్వాసి అన్న మాట పక్కన బ్రాకెట్లో ఇంకో మాట ఉంటుంది. మా అబ్బాయి పెళ్ళికి నేనూ ఆ బ్రాకెట్ చూసే ఒప్పుకున్నాను, అప్పటికి బీగాలు ఇచ్చి మూడేళ్ళయింది. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను. మీ అమ్మగారి చేతిలో ఉన్న ఆ ఫొటోల్లో అరుంధతివాడ అమ్మాయి ఒక్కతైనా ఉందా? ఫోనులో కాదు, పక్కన కూర్చుని అడుగు. నీకింకా పది రోజుల సెలవుందన్నావు గదా.